ఏ సంబంధమూ లేదని ధ్రువపత్రం

అల్మాతీ,
2006 జూన్ 9

ఉమ్సిన్ అక్కయ్యకు తమ్ముడు కెంజెబెక్ సమర్పించుకునే మొదటి నివేదిక.
విషయం: నగరంలో అద్దె ఇల్లు దొరకకపోవుట.

సర్కాండ్ దస్త్రాల కార్యాలయంలో ఇరవై ఒక్క ఏళ్లు గుమాస్తాగా ఉన్న నన్ను ఇక్కడికి బదిలీ చేస్తూ ఇచ్చిన ఉత్తర్వులో, నేను ఏ కుర్చీలో కూర్చోవాలో, ఏ బీరువా తాళం నా దగ్గర ఉండాలో స్పష్టంగా ఉంది. ఎక్కడ పడుకోవాలో లేదు. పై అధికారిని అడిగితే, ఉత్తర్వులో లేని అంశం మీద తాను అభిప్రాయం చెప్పలేనన్నారు. ప్రస్తుతం కార్యాలయం అడుగు అంతస్తులో, పటాల గదిలో, మడత మంచం మీద ఉంటున్నాను. నా చుట్టూ 1928 నాటి పచ్చిక బయళ్ల పటాలున్నాయి. లక్షల ఎకరాల మధ్య పడుకుంటున్నా నాకు చిరునామా లేదు.

నా జీతం ముప్పై ఎనిమిది వేల టెంగేలు. ఇక్కడ ఒంటి గది అద్దె నలభై అయిదు వేలు. అంటే ఉద్యోగం, ఇల్లు రెండూ ఉండటం కుదరదు. ఏదో ఒకటి ఎంచుకోవాలి.

నా ఒక్కడి సంగతైతే ఈ పటాలతోనే రిటైరయ్యేవాణ్ణి. కానీ తల్లి పోయిన నాటి నుంచి ఏడేళ్లుగా నీ దగ్గర పెరుగుతున్న నా కూతురు జిబెక్‌కు సంగీత పాఠశాల వారు కోబిజ్ తంత్రీవాద్య విభాగంలో సీటు ఇచ్చారు. ఉన్నవే నాలుగు సీట్లు. ఆగస్టు 25 లోగా నగరంలో పోలీసు నమోదున్న చిరునామా కాగితం చూపించకపోతే ఆ సీటు అయిదో పిల్లకు పోతుంది. ఇక్కడి ఇంటివాళ్లు ఇల్లు ఇస్తారు గానీ నమోదుకు ఒప్పుకోరు. నమోదైతే పన్ను కట్టాలి.

ఒక ఆశ ఉంది. తాస్తక్ పేటలో సాపర్‌గాలీ అనే రిటైరైన పశువైద్యుడు ఒంటి గది ఇల్లు ఇరవై వేలకు ఇస్తానన్నాడు. నమోదుకూ సరేనన్నాడు. తనది కరతాల్ లోయ అన్నాడు, నాది ఏ లోయో అడగలేదు. 19వ తేదీ సోమవారం తాళం ఇస్తాడు. ఆయన ఫోను నెంబరును కేవలం సమాచారం నిమిత్తం అనుబంధంలో పొందుపరుస్తున్నాను.

నన్ను ఫోను చేయమన్నావు. ఫోనులో చెప్పిన మాటకు దస్త్రం ఉండదు. కనుక ఉత్తరాలు బస్సు డ్రైవరు ఎసిమ్ చేతికే ఇస్తాను.

విధేయుడు,
కెంజెబెక్ (ముద్ర)


సర్కాండ్,
జూన్ 13

కెంజెబెక్, నా తమ్ముడూ,

ఎసిమ్ నీ నివేదికతో పాటు ఖాళీ సంచి కూడా ఇచ్చాడు. అంటే ఎండు పెరుగు కుర్త్ ఉండలు అయిపోయాయన్న మాట. ఇంకో రెండు కిలోలు పంపుతున్నాను. ఇంటివాళ్లకు రాసే ఉత్తరం మీద ముద్ర వేయనక్కర్లేదు. జిబెక్ అది చూసి నాన్నను ఎవరో అరెస్టు చేశారనుకుంది.

ఇక అసలు కబురు. నువ్వు కరతాల్ లోయ అని రాసిన చోట నేను చదవడం ఆపి, మన నాన్న వదిలివెళ్లిన వంశావళి పుస్తకం తీశాను. సాపర్‌గాలీ తండ్రి, అమ్మ తండ్రి ఇద్దరూ ఒకే ముత్తాత మునిమనవలు. అమ్మ పుట్టింటి జలాయిర్ల తెగవాళ్లు. అంటే ఆయన అమ్మకు తమ్ముడి వరస. నీకు సాక్షాత్తు మేనమామ. నా తమ్ముడు తన సొంత మేనమామ ఇంట్లో ముక్కూ మొహం తెలియనివాడిలా అద్దెకు దిగుతాడా?

వెంటనే పోస్టాఫీసుకు వెళ్లి ఫోను చేశాను. “నీ మేనల్లుడు వస్తున్నాడు, బాగా చూసుకో,” అన్నాను. పాపం, సంతోషంతో ఆయనకు చాలాసేపు నోట మాట రాలేదు.

అంత పెద్ద పట్నంలో నీకు మనవాడొకడు దొరికాడు. ఇక నాకు నిశ్చింత.

మీ అక్క,
ఉమ్సిన్


అల్మాతీ,
జూన్ 27

అక్కయ్యకు రెండవ నివేదిక.
విషయం: మేనమామ దొరకుట, ఇల్లు పోవుట.

సోమవారం నేను చేరేసరికి ఆ ఇంట్లో గోడ మీద గడియారం ఉన్న చోట తెల్లటి గుండ్రటి మచ్చ మిగిలి ఉంది. టీవీ లేదు. తివాచీ చుట్టి పక్కింటికి చేర్చారు. మేనల్లుడు చెయ్యి చాపి అడిగింది మూడుసార్ల దాకా కాదనకూడదన్న ఆచారం నాకు గుర్తులేదు గానీ ఆయనకు గుర్తుంది. నన్ను పెద్దపీట మీద కూర్చోబెట్టి, గొర్రె తలకాయ నా ముందు పెట్టి, నేను ఎటు చూస్తే అటు ఆందోళనగా చూశారు. ఒకసారి కిటికీ వైపు చూశాను. కిటికీ తలుపులు చెదలు పట్టినవని ఆయన వెంటనే తెలియజేశారు.

భోజనమయ్యాక ఆయన చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు నమోదు చేస్తున్నాను. “చూడు అల్లుడూ, నీ దగ్గర అద్దె తీసుకుంటే మావాళ్లు నా మొహాన ఉమ్మేస్తారు. తీసుకోకపోతే నా పింఛనుతో నాకు నెల గడవదు. మొన్నటిదాకా నువ్వెవరో నాకు తెలీదు. ఎంత బాగుండేదో.”

మేనల్లుణ్ణి ఖాళీ చేతులతో పంపకూడదు కనుక ఇంటికి బదులు ఒక పొట్టేలునిచ్చారు. సజీవమైనది. నగర బస్సులో కండక్టరు దానికి పూర్తి టికెట్టు కొట్టాడు. నా దగ్గర ఉన్నది పటాల గది ఒక్కటే. అక్కడ అది మూడు రోజుల్లో కెగెన్ జిల్లా ఈశాన్య మూలను మేసింది. పటంలో ఆ భాగం పచ్చికగా చూపబడి ఉంది కనుక దాని తప్పని చెప్పలేను.

పొట్టేలును ఎసిమ్ బస్సులో పంపుతున్నాను. వివరాలు ఈ నివేదికలో ఉన్నాయి, దాని మెడకు సంక్షిప్తంగా ఒక చీటీ కట్టాను: “ఇంటి వ్యవహారం ముగిసింది. పొట్టేలు విషయంలో తగిన చర్య తీసుకోగలవు.”

విధేయుడు,
కెంజెబెక్ (ముద్ర)


సర్కాండ్,
జూలై 3

తమ్ముడూ,

ముందుగా జరిగింది చెబుతాను, తర్వాత తప్పెవరిదో నువ్వే తేల్చు. పొట్టేలు మంగళవారం దిగింది. నీ నివేదికను ఎసిమ్ సీటు కింద మరిచిపోయి శుక్రవారం తెచ్చి ఇచ్చాడు. మధ్యలో నా దగ్గర ఉన్నది మెడలో చీటీ ఒక్కటే. ఇంటి వ్యవహారం ముగిసిందని ఉంది, పొట్టేలుంది. గృహప్రవేశమని కాక మరేమని అర్థం చేసుకోను?

తగిన చర్య తీసుకున్నాను. బుధవారం ముప్పై ఇద్దరు భోంచేశారు. జిబెక్ కోబిజ్ వాయించింది. వీధి చివరి ముసలాయన ఆశీర్వదిస్తూ, నీ కొత్త ఇంటి గడప నుంచి ఆనందం బయటకు పోకూడదని ప్రార్థించాడు. ఆయన ప్రార్థన వృథా కాకూడదు, ఒక గడప సంపాదించు.

వచ్చినవాళ్లు ఉత్త చేతులతో రాలేదు. ఏడు బొంతలు, ఒక తివాచీ, టీ కాచే సమోవర్ ఒకటి వచ్చాయి. నివేదిక చదివాక వెనక్కి ఇద్దామని ఒక్క ఇంటికి వెళ్లాను. “ఏం ఉమ్సిన్, మా బొంత కంపు కొడుతోందా?” అంది ఆ ఇంటావిడ. ఇంక తిరగలేదు. అన్నీ ఎసిమ్ బస్సు పైన కట్టించాను. పటాల గదిలో చలిగా ఉంటుంది కదా.

కానీ సాపర్‌గాలీ మామ నిన్ను సాగనంపాడంటే నమ్మలేకపోతున్నాను. నువ్వు ఆయన ముందు ఆ ఆఫీసు భాష మాట్లాడి ఉంటావు.

మీ అక్క,
ఉమ్సిన్


అల్మాతీ,
జూలై 19

అక్కయ్యకు మూడవ నివేదిక.
విషయం: పేర్లు తెలియజేయలేకపోవుట.

ఏడు బొంతలూ చేరాయి. పై అధికారి తనిఖీకి వచ్చి, ఇవి ఏ కాలపు దస్త్రాలని అడిగారు. ఇంకా వర్గీకరించలేదని చెప్పాను. వర్గీకరించేవరకు ఎవరూ ముట్టుకోవద్దని గదికి బోర్డు పెట్టించారు. కాబట్టి నా నివాసం ఇప్పుడు కొంత భద్రంగా ఉంది.

ఈ మూడు వారాల్లో పదకొండు ఇళ్లు చూశాను. ఒకచోట వంటగదినే ఇల్లన్నారు. ఇంకొకచోట ఇల్లు బాగుంది గానీ అందులో ఇంటాయన అన్నగారు ఉన్నారు, ఆయన అద్దెలో భాగమట. చివరికి అక్సాయ్ పేటలో మంచి ఇల్లు దొరికింది. అద్దె ఇరవై రెండు వేలు, నమోదుకు అభ్యంతరం లేదు. 29వ తేదీ శనివారం కాగితాలు.

గత అనుభవం దృష్ట్యా ఇంటావిడ పేరు, ఫోను నెంబరు, వీధి ఈ నివేదికలో ఇవ్వడం లేదు. ఆమెకు ఒక బంగారు పన్ను ఉందనీ, భర్త రొట్టెల వ్యాను నడుపుతాడనీ, నాకు టీ పోస్తూ ఎప్పుడో ఒక పెళ్లిలో తనకు జరిగిన అవమానం గురించి పావుగంట చెప్పిందనీ మాత్రం తెలియజేస్తున్నాను. ఆ సంగతి నేను శ్రద్ధగా వినలేదు. ఈ వివరాలతో ఎవరినీ గుర్తుపట్టడం సాధ్యం కాదు.

జిబెక్‌ను రోజూ రెండు గంటలు సాధన చేయమను.

విధేయుడు,
కెంజెబెక్ (ముద్ర)


సర్కాండ్,
జూలై 24

తమ్ముడూ,

బంగారు పన్ను పైన, ఎడమవైపు. ఔనా? ఆమె కుల్‌పాష్. రొట్టెల వ్యాను అనగానే తెలిసింది. నా మరిది కూతురు పెళ్లి గుర్తుందా, ఆ పెళ్లికొడుకుకు పెద్దమ్మ. మన వియ్యపురాలు.

పేరు దాచి ఏం సాధించావు? నేను అరగంటలో కనుక్కున్నాను, నెంబరు మరిదిని అడిగి తీసుకున్నాను. మేనమామ దగ్గరైతే అద్దె ఇబ్బంది ఉంటుందని ఒప్పుకుంటాను. వియ్యాలవారి మధ్య అలాంటిదేమీ లేదు. గౌరవం ఒక్కటే ఉంటుంది. ఫోను చేసి, నువ్వు నా తమ్ముడివని చెప్పాను. “ఓహో, ఉమ్సిన్ తమ్ముడా,” అని రెండుసార్లు అంది. చాలా ఆప్యాయంగా అంది.

జిబెక్ యూనిఫాం కుట్టడం మొదలుపెట్టాను. చేతులు కొంచెం పొడుగ్గా పెడుతున్నాను, ఎదిగే పిల్ల.

మీ అక్క


అల్మాతీ,
ఆగస్టు 2

అక్కయ్యకు నాలుగవ నివేదిక.
విషయం: మెడ ఎముక.

శనివారం కుల్‌పాష్ గారు తలుపు తీశారు గానీ గడప దాటనివ్వలేదు. పన్నెండేళ్ల కిందట ఆ పెళ్లిలో, పెళ్లికొడుకు పెద్దమ్మకు మర్యాదగా తుంటి ఎముక పెట్టాల్సిన పళ్లెంలో మెడ ఎముక పెట్టారట. పక్కనే కూర్చున్న ఎవరో దూరపు మరదలికి తుంటి ఎముక వెళ్లిందట. ఆ పళ్లెం సర్దింది ఎవరో ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. నువ్వు ఫోను చేసి, ఆ పెళ్లిలో పళ్లేలు సర్దింది నువ్వేనని గుర్తుచేశాక తెలిసింది.

“నువ్వు ఎవరో దారినపోయే గుమాస్తావి అనుకుని ఇల్లిస్తానన్నాను,” అన్నారామె. “వియ్యాలవారికి ఏ ముక్క పెట్టాలో తెలియని ఇంటి మనిషికి నా వంటగది ఎలా అప్పజెప్పమంటావు?”

మాంసం ముక్కల విషయంలో నా శాఖకు అధికారం లేదని విన్నవించుకుని వచ్చేశాను.

గడువు ఇక ఇరవై మూడు రోజులు. నేను దస్త్రాలు చదివే మనిషిని. రెండు ఇళ్లు కుదిరాయి, రెండు ఫోన్లు వెళ్లాయి, రెండూ పోయాయి. రెండు ఫోన్లూ ఒకే పోస్టాఫీసు నుంచి వెళ్లాయి. పిల్ల తన దగ్గరే ఉండిపోవాలని కోరుకునే మనిషి ఎవరైనా ఉంటే, ఇంతకంటే సమర్థంగా పనిచేయలేరు. ఇది ఆరోపణ కాదు, పరిశీలన.

కెంజెబెక్ (ముద్ర)


సర్కాండ్,
ఆగస్టు 6

నీ పరిశీలన అందింది.

ఔను, ఉండిపోతే బాగుండునని అనుకున్నాను. దాని జడ వేసేటప్పుడు అనుకున్నాను. కోబిజ్ తీగలు పాడైతే గుర్రపు తోక వెంట్రుకల కోసం ఊరంతా తిరిగినప్పుడు అనుకున్నాను. మనసులో అనుకోవడం వేరు, ఫోను చేసి చెడగొట్టడం వేరు. నీకు ఆ తేడా తెలియకపోతే నీ ఇరవై ఒక్క ఏళ్ల గుమాస్తాగిరీ దండగ.

నేనెందుకు చేశానో చెప్పనా? నువ్వు ఆ పట్నంలో ఎవరికీ ఏమీ కాకుండా నేలమాళిగలో పడుకుంటున్నావని విని చేశాను. నీ వెనుక ఒక మనిషుందని ఎవరికైనా చెప్పాలనిపించింది. నాకు తెలిసిన విద్య అదొక్కటే. మెడ ఎముక సంగతి నిజమే. ఆ రోజు నూట యాభై మంది, నాకు జ్వరం.

పిల్ల సామాను సర్దుతున్నాను. అమ్మమ్మ చెక్క గిన్నెలు తీశాను, అడుగున జలాయిర్ల దువ్వెన గుర్తు కాల్చి వేసినవి. అయిదే ఉన్నాయి. ఆరోది ఎక్కడుందో అమ్మ నాకు చెప్పింది, నువ్వు ఎప్పుడూ పుస్తకంలో తల దూర్చి ఉండేవాడివి. పందొమ్మిది వందల ముప్పై ఏడులో సోవియట్ అధికారులు కొరియా వాళ్లను రైళ్లలో తెచ్చి ఉష్‌తోబె దగ్గర బయట పడేసి పోయారు కదా. వాళ్లలో ఒకావిడకు దారిలోనే పుట్టిన ఆడపిల్ల, తల్లికి పాలు ఎండిపోయాయి. అప్పటికి అమ్మకు మూడు నెలలు. అమ్మమ్మ ఆ చలికాలమంతా ఇద్దరికీ పాలిచ్చింది. వసంతంలో వాళ్లు వెళ్లిపోతుంటే, పిల్లకు ఇంకేమీ ఇవ్వలేక ఒక గిన్నె ఇచ్చింది. పాలు తాగిన పిల్ల కూతురితో సమానమనీ, ఆ పిల్ల ఎక్కడున్నా తనకు చెల్లెలేననీ అమ్మ చివరిదాకా అంటుండేది.

ఇవన్నీ నీకెందుకు. ఇల్లు వెతుక్కో. నేనింక ఫోను చేయను.

ఉమ్సిన్


అల్మాతీ,
ఆగస్టు 13

అక్కయ్యకు అయిదవ నివేదిక.

ముందుగా, నాలుగవ నివేదికలోని చివరి పేరాను ఉపసంహరించుకుంటున్నాను. నీ ఉత్తరం మొదటి పేజీని మూడుసార్లు చదివాను, మూడుసార్లూ నాకు తలెత్తుకోవడం కష్టమైంది. గిన్నెలకు సంబంధించిన రెండవ పేజీ ఇంటి విషయానికి సంబంధించినది కానందున, తీరికగా చదివేందుకు వేరే ఫైలులో పెట్టాను.

ఇల్లు దొరికింది. ఆనందించకు, పూర్తిగా చదువు.

కరెంటు స్తంభానికి అంటించిన కాగితం మీద చేతిరాతతో ఇలా ఉంది: “ఒకటిన్నర గది. పద్దెనిమిది వేలు. నమోదు చేయిస్తాను. బంధువులకు ఇవ్వబడదు.” యజమాని లిదియా ఒగాయ్ గారు, కొరియా మనిషి, రిటైరైన లెక్కల టీచరు. ఎదురు తలుపు ఆమెదే. వయసు అరవై ఎనిమిది. పాస్‌పోర్టులో పుట్టిన ఊరు ఉష్‌తోబె అని ఉందట గానీ, నిజానికి రైల్లో పుట్టానని ఆమే సవరించారు. సరైన సమాచారం ఇచ్చే మనుషులంటే నాకు గౌరవం.

ఆమె తమ్ముడి కొడుకు ఒకడు వారం రోజులకని వచ్చి ఆ ఇంట్లో నాలుగేళ్లున్నాడట. పోయేటప్పుడు తలుపు పిడి కూడా ఊడదీసుకుపోయాడట. ఇల్లు చూపించడానికి తాళంచెవి కోసం ఒక పాత చెక్క గిన్నెలోని గుండీలన్నీ గాలించారు. ఆ గిన్నె ఎవరో పాలిచ్చిన తల్లి ఇచ్చిందనీ, జీవితంలో బంధువులు కానివాళ్లే తనకు మేలు చేశారనీ చెబుతూ తాళం తీశారు.

“చూడండి గుమాస్తాగారూ, మీ కజఖులతో నాకు భయం ఒక్కటే,” అన్నారు. “రెండు కప్పుల టీ తాగేలోపు వరస కలిపేస్తారు. ఇవాళ అద్దెకు దిగుతారు, రేపు నన్ను పిన్నీ అంటారు, ఎల్లుండి నేను అద్దె అడగలేను. నాకు వచ్చే పింఛను చాలదు. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా, మనకు ఏ సంబంధమూ లేదని రాసి సంతకం పెట్టి పంపిస్తే తాళం ఇస్తాను.”

కొరియా వారికీ మనకూ వరస కలిసే అవకాశం వంశావళిలో ఏ పేజీలోనూ లేదని నా నమ్మకం. అయినా గౌరవంగా కోరుతున్నాను: దయచేసి ఈసారి పుస్తకం తెరవవద్దు. ఒక్క సంతకం. గడువు పన్నెండు రోజులు.

విధేయుడు,
కెంజెబెక్ (ముద్ర)


సర్కాండ్,
ఆగస్టు 21

తమ్ముడూ,

ఎనిమిది రోజులు ఆలస్యమైంది. నువ్వు కంగారుపడి ఉంటావు.

నీ ఉత్తరం చదివి, చెప్పు కూడా సరిగ్గా వేసుకోకుండా పోస్టాఫీసుకు వెళ్లాను. డబ్బు కట్టాను, ఫోను ఖాళీ అయింది, కౌంటరులోని అమ్మాయి నెంబరు చెప్పమంది. లిదియా ఒగాయ్ ఇంటి నెంబరు నువ్వు రాయలేదు గానీ, అది కనుక్కోవడం నాకొక లెక్క కాదని నీకు తెలుసు. కాసేపు నిలబడ్డాను. వెనుక వరసలో వాళ్లు గొణిగారు. డబ్బు వాపసు తీసుకుని ఇంటికి వచ్చేశాను. అంత కష్టమైన పని నేనింతవరకూ చేయలేదు.

ఎందుకు వెళ్లానని అడగకు. నువ్వు పెట్టిన ఆ వేరే ఫైలును కూడా ఇల్లు నమోదయ్యేదాకా తెరవకు.

కావలసిన కాగితం ఇదిగో. నీ భాషలోనే రాశాను.

ధ్రువపత్రం. సర్కాండ్ నివాసి అయిన ఉమ్సిన్ అనే నేను, మా వంశావళిని తండ్రి వైపు ఏడు తరాలు, తల్లి వైపు ఏడు తరాలు పరిశీలించి తెలియజేయునదేమనగా: శ్రీమతి లిదియా ఒగాయ్ గారికీ మా కుటుంబానికీ రక్తసంబంధం లేదు. అద్దె ప్రతినెలా ఒకటో తారీఖున ఇవ్వబడును, ఆమె మొహమాటం లేకుండా తీసుకొనవలెను.

వంశం విషయంలో నేను జన్మలో అబద్ధం చెప్పలేదు. ఇందులోనూ లేదు.

జిబెక్‌ను ఎసిమ్ బస్సులోనే పంపుతున్నాను, డ్రైవరు వెనుక సీటు. యూనిఫాం పెట్టెలో ఉంది. దాని గిన్నె కూడా పెట్టాను, అందులో కాకపోతే టీ తాగదు. ఎవరైనా అడిగితే సంతలో కొన్నదని చెప్పు. పొద్దున జడ వేసేటప్పుడు ఎడమవైపు గట్టిగా లాగకు, ఏడుస్తుంది.

ఇక్కడ ఇల్లు చాలా శుభ్రంగా ఉంది. తుడవడానికేమీ లేదు.

మీ అక్క,
ఉమ్సిన్


అల్మాతీ,
సెప్టెంబరు 4

ఉమ్సిన్ అక్కయ్యకు,

ఆగస్టు 24న సాయంత్రం నాలుగూ నలభైకి, కార్యాలయం మూయడానికి ఇరవై నిమిషాల ముందు, నమోదు పూర్తయింది. జిబెక్ సీటు జిబెక్‌కే దక్కింది. ఏడు బొంతలనూ వర్గీకరించి, మా ఇంటికి బదిలీ చేశాను. సమోవర్ ఇంకా పటాల గదిలోనే ఉంది. పై అధికారి దాన్ని పందొమ్మిదవ శతాబ్దానికి చెందినదిగా నమోదు చేశారు.

మిగిలిన విషయాలు ప్రాముఖ్యం లేనివి. దస్త్రం పూర్తిగా ఉండటం కోసమే రాస్తున్నాను.

కాగితం చూసి తాళం ఇచ్చిన రోజునే లిదియా గారు టీకి వచ్చారు. జిబెక్ తన గిన్నె కడిగి బోర్లించింది. ఆమె మాట మధ్యలో ఆపి ఆ గిన్నె అడుగు చూశారు. లేచి ఎదురింటికి వెళ్లారు. గుండీలు మంచం మీద పోసిన చప్పుడు వినిపించింది. తన గిన్నె తెచ్చి, దాని పక్కన బోర్లించి, చాలాసేపు రెండు దువ్వెన గుర్తుల వైపూ చూస్తూ కూర్చున్నారు. తర్వాత నీ ధ్రువపత్రం మళ్లీ అడిగారు. కళ్లజోడు పెట్టుకుని చదువుతూ, రక్తసంబంధం అన్న మాట దగ్గర వేలు పెట్టి ఆగారు.

“మీ అక్కగారు చాలా జాగ్రత్త గల మనిషి,” అన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. “ఇలాంటి గిన్నెలు సంతలో బోలెడు దొరుకుతాయి, కదండీ?”

దొరుకుతాయని ధ్రువీకరించాను.

ఆ రాత్రి నీ రెండవ పేజీని ఫైలులోంచి తీసి చదివాను. చదివి, మళ్లీ ఫైలులోనే పెట్టాను. కొన్ని కాగితాలు బీరువాలో ఉంటేనే ఇల్లు నిలబడుతుందని నా ఉద్యోగం నాకు నేర్పింది. ఆ పని ఇన్నేళ్లుగా చేస్తున్న నాకంటే నువ్వే బాగా చేశావు.

ఒకటో తారీఖున లిదియా గారు అద్దె తీసుకున్నారు. పరాయివాళ్ల దగ్గర తీసుకున్నట్టు రెండుసార్లు లెక్కపెట్టారు. ఆ రోజు నుంచి రోజూ మధ్యాహ్నం పిల్ల బడి నుంచి వచ్చే వేళకు గిన్నెడు పులుసు తెచ్చి పెడుతున్నారు. మొన్న జిబెక్ బిడియపడితే, “తిను తిను. నువ్వు నాకేమీ కావు, మొహమాటం దేనికి?” అన్నారు. ఏమని పిలవాలని పిల్ల అడిగింది. కాసేపు ఆలోచించి, సౌకర్యం కోసం నాయనమ్మా అని పిలవమన్నారు. జడ కూడా ఆమే వేస్తున్నారు. ఎడమవైపు గట్టిగా లాగడం లేదు.

నీ గురించి అడిగారు. పట్నం చూడటానికి ఎప్పుడైనా వస్తావా అన్నారు. “బంధువులైతే వారం కూడా ఉండనివ్వను. ఆవిడ నాకేమీ కారు కాబట్టి ఎన్నాళ్లున్నా అభ్యంతరం లేదని రాయండి,” అన్నారు. రాశాను.

రెండు గిన్నెలూ ఇప్పుడు మా వంటగది అరలో, ఒకదానిలో ఒకటి ఉన్నాయి. గుండీలకు ఆమె వేరే డబ్బా చూసుకున్నారు. ఆ రెండు గిన్నెలకూ మధ్య ఏ సంబంధమూ లేదని నమోదు చేసుకున్నాను.

నీ తమ్ముడు,
కెంజెబెక్

తా.క. ఈ ఉత్తరం మీద ముద్ర వేయలేదు.